వరదకు అందని కారు

2022 చివర్లో, శబరి ఏటి నీళ్లు మళ్లీ తేటపడి ఒడ్డున ఇసుక బయటపడిన రోజుల్లో, జగదల్‌పూర్‌లోని నా షెడ్డుకు ఆ ఏటి పక్కనున్న కుంట అనే ఊరి నుంచి ఒక ఫోన్ వచ్చింది. ఆడగొంతు.

“అన్నా, కార్లు పైకెత్తే మిషన్లు బిగించేది మీరేనంట గదా. మా ఇంట్లో ఒకటి పెట్టాలి.”

“ఇంటి దగ్గర రిపేరు షెడ్డు ఏమైనా ఉందామ్మా?”

“లేదు. కారు దాచుకోవాలి.”

“ఎన్ని కార్లున్నాయి?”

“ఒక్కటే. ఏటి నుంచి దాచుకోవాలి. మాకు బాఢ్ వస్తది గదా.”

బాఢ్ అంటే వరద. బస్తరులో ఉండే మా తెలుగులో ఇలాంటి హిందీ మాటలు ఎప్పుడో కలిసిపోయాయి. మాట అర్థమైంది గాని, ఆమె అడిగిన పని మాత్రం నాకు కొత్త.

నేను పెరిగింది బచేలిలో, గని కార్మికుల క్వార్టర్లలో. మా నాన్న శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు. నేను ఐటీఐ చదివి, గని యంత్రాలకు హైడ్రాలిక్ పనులు చేసే ఒక కాంట్రాక్టరు దగ్గర చేరాను. హైడ్రాలిక్స్ అంటే నూనెను ఒత్తిడితో గొట్టాల్లోకి పంపి బరువులెత్తే పద్ధతి. కొన్నేళ్ల తర్వాత జగదల్‌పూర్‌లో సొంతంగా షెడ్డు పెట్టుకుని, మెకానిక్ షాపులకు కారు లిఫ్టులు అమ్మి, బిగించి ఇవ్వడం మొదలుపెట్టాను. ఇళ్లలో లిఫ్టు అడిగేవాళ్లు చాలా తక్కువ. అడిగినవాళ్లూ ఇరుకు స్థలంలో ఒక కారు మీద మరో కారు నిలుపుకోవడానికే అడిగేవాళ్లు.

నాతో పనిచేసే సోమారును వెంటబెట్టుకుని ఆ వారమే కుంట వెళ్లాను. ఇల్లు ఏటికి దగ్గరి పల్లపు వీధిలో ఉంది. పక్కన రేకుల షెడ్డు, అందులో తెల్లటి చిన్న కారు. షెడ్డు గోడ మీద నా ఛాతీ ఎత్తున బురద గీత, సున్నం కొట్టినా పోలేదు. ఫోన్ చేసిన సునీత చక్రాల కుర్చీలో ఎదురొచ్చింది. ముప్పై దాటిన మనిషి, రోడ్డు మీది ఒక పల్లెలో ప్రైమరీ స్కూలు టీచరు. పోలియో వల్ల చిన్నప్పుడే కాళ్లు పోయాయి. ఆమె కారుకు హ్యాండ్ కంట్రోల్ ఉంది. అంటే పెడళ్లకు కడ్డీలు బిగించి, బ్రేకూ యాక్సిలరేటరూ చేత్తోనే నడిపే ఏర్పాటు. అలాంటి కారు ఆమెకు ఇది రెండోది. మొదటిది వరదలో అద్దాల దాకా మునిగింది. ఇంజనులోకీ వైరింగులోకీ బురద చేరి పనికిరాకుండా పోయింది.

“రెండోది తయారయ్యేదాక ఆటోల పోయిన,” అంది. “ఆటో అతను ఒకరోజు వస్తడు, ఒకరోజు రాడు. బడికి పోయేసరికి పిల్లల అన్నాలు అయిపోయేవి. వాకిట్ల కూసొని ఎవరి కోసమో చూడటం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.”

వరద కబురు తెలియగానే కారును మెట్ట మీదికి తీసుకెళ్లి పెట్టవచ్చు కదా అని అడిగాను. అందరూ చేసేది అదే.

“పెడతా అన్నా. కారు అక్కడ పెట్టి నేను ఇంటికెట్లా రావాలి? బురదల కుర్చీ నడవదు. మళ్ల మా నాయన ఎత్తుకోవాలి.”

పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డ ఆమె తండ్రి భద్రయ్య అందుకున్నాడు. “ఎత్తుకోనని నేను ఎప్పుడన్న అన్ననా?”

చిన్నప్పుడు బడి నడిచినన్నాళ్లూ సునీతను సైకిలు మీద తీసుకెళ్లి, తరగతి గది బల్ల దాకా ఎత్తుకెళ్లి కూర్చోబెట్టింది ఆయనే. ఆ సంగతి తర్వాత టీ తాగుతూ ఆమే చెప్పింది. ఇప్పుడాయనకు అరవై దాటాయి.

ముందు ఏ రకం లిఫ్టు అన్నది తేల్చుకోవాలి. సునీత ఫోనులో వీడియోలు చూసి సిజర్ లిఫ్టు బాగుంటుందనుకుంది. అది కత్తెరలా ముడుచుకుని నేలకు అంటుకుపోతుంది, చూడటానికి నాజూకుగా ఉంటుంది. కానీ దాని కీళ్లన్నీ నేల మట్టంలోనే ఉంటాయి. శబరి బురద ఒక్కసారి చేరితే మళ్లీ కదలదు. రెండు స్తంభాల టూ పోస్ట్ లిఫ్టు మెకానిక్ షాపుకు బాగుంటుంది. అది చేతుల్లాంటి కమ్మీలతో కారును కింద నుంచి పట్టుకుంటుంది. ఆ కమ్మీలను ప్రతిసారీ ఎవరో ఒకరు వంగి కారు కింద సర్దాలి. సునీత ఒక్కతే ఆ పని చేయలేదు. పైగా బరువంతా రెండు చోట్లే పడుతుంది, ఏటి ఒండ్రు మీద పోసిన నేల దానికి ఆగదు. మిగిలింది ఫోర్ పోస్ట్. నాలుగు మూలలా నాలుగు స్తంభాలు, మధ్యలో రెండు ఇనుప పట్టాలు. కారును పట్టాల మీదికి నడిపి, మీట నొక్కితే చాలు.

సోమారు సుత్తితో షెడ్డు నేలంతా కొట్టి చూశాడు. రెండు మూలల్లో డొల్ల చప్పుడు వచ్చింది. పైన పలచటి కాంక్రీటు, కింద వరద కోసుకుపోయిన మట్టి. ప్రతి స్తంభం కిందా తవ్వి, ఊచలు కట్టి, దిమ్మె పోయాలని చెప్పాను. రేకుల కప్పు కూడా ఎత్తు పెంచాలి. షట్టరు తీసేసి ఇనుప జాలీ గేటు పెట్టుకుంటే నీళ్లు లోపలికి వచ్చి పోతాయి, గోడ మీద ఒత్తిడి పడదు, కొట్టుకొచ్చే దుంగలు జాలీకి ఆగుతాయి. భద్రయ్య అన్నిటికీ తల ఊపాడు.

అక్కడితో కొలతలు అయిపోయాయనుకుని టేపు చుట్టేశాను. సునీత నేల మీద నేను సుద్దతో గీసిన గీతలు చూస్తూ ఉండిపోయింది.

“అన్నా, ఈ పట్టాలు నేల మీదికెళ్లి ఎంత ఎత్తుంటయి?”

“నాలుగైదు అంగుళాలు.”

“అయితే నేను దిగి చూపిస్తా, చూడండి.”

అంత మందం ఉన్న చెక్క పలకలు వేయించి కారును వాటి మీదికి నడిపింది. ఆమె దిగే తీరు నేను అప్పుడే మొదటిసారి గమనించాను. సీటు నుంచి కుర్చీ మీదికి ఒక నున్నటి పలక వేసుకుని, చేతుల మీద బరువు ఆనించి దాని మీద జరుగుతుంది. అందుకు సీటూ కుర్చీ దాదాపు ఒకే మట్టంలో ఉండాలి. ఇప్పుడు కుర్చీ కింద ఉండిపోయింది, సీటు పైకి పోయింది. పలక జారుడుబల్లలా వాలింది.

“దిగమంటే ఎట్లనో జారతా. ఎక్కమంటే మాత్రం కాదు,” అంది.

నా డ్రాయింగులో కారు పొడవు, వెడల్పు, బరువు, తలుపు తెరుచుకునే మేర అన్నీ ఉన్నాయి. డ్రైవరు అంటే తలుపు తీసుకుని కాలు కింద పెట్టేసే మనిషే అనుకుని గీసిన డ్రాయింగు అది. ఆ పూట మళ్లీ టేపు తీశాం. పట్టాలను నేలలోకి దించితే గుంటలో బురద నిలుస్తుంది. చివరికి దారి ఆమెకే తట్టింది.

“మా బడికి వరండా, దానికి ఏటవాలు ఉంది గదా. అట్లాంటిది పక్కన కడితే?”

డ్రైవరు తలుపు వైపు పట్టాల ఎత్తుకు సమానంగా ఒక అరుగు, దాని చివర చక్రాల కుర్చీ దిగేందుకు వాలు. అరుగు మీద తలుపు పూర్తిగా తెరుచుకోవాలి కాబట్టి స్తంభాల మధ్య వెడల్పు ఎక్కువున్న మోడల్ తీసుకున్నాం.

ఇక మిగిలింది మీట. ఫోర్ పోస్ట్ లిఫ్టుకు మోటారు, పంపు, నూనె ట్యాంకు కలిసిన పవర్ ప్యాక్ ఒక స్తంభానికి, నిలబడ్డ మనిషి చేతికి అందే ఎత్తులో ఉంటుంది. భద్రయ్య నన్ను పక్కకు పిలిచాడు.

“సార్, స్విచ్చు పైనే ఉండనీయండి. ఆమెకు అందొద్దు. అంత బరువు పైకి లేస్తది. నేనుండంగ ఆమెకెందుకు ఆ పని?”

కంపెనీ బిగించి పంపేది అలాగే. సరేనంటే నాకే పని తక్కువ. కానీ మిషన్ కావాలని పిలిచింది ఆమె. ఆ మాట నా నోట కాకుండా ఆయన నోటనే ఆమె వినాలనిపించింది. టీ దగ్గర ముగ్గురం కూర్చున్నప్పుడు, స్విచ్చు ఎక్కడ పెట్టాలో మీరిద్దరూ తేల్చుకోండి అన్నాను.

భద్రయ్య అదే చెప్పాడు. సునీత గ్లాసు కింద పెట్టింది.

“నువ్వు పొలం కాడ ఉన్నప్పుడు నీళ్లొస్తే ఏంది నాయనా?”

“ఎవరినన్న పిలుస్తం.”

“పోయినసారి పిలిచినం గదా.”

పోయినసారి ఎవరూ రాలేదు. ఎవరి గొడ్లు, ఎవరి బియ్యం వాళ్లు మెట్ట మీదికి మోసుకోవడంలో ఉన్నారు. వాళ్లదీ తప్పు లేదు. భద్రయ్య లేచి బయటికి వెళ్లిపోయాడు.

లిఫ్టు తయారుచేసే కంపెనీ ఇంజనీర్లతో మాట్లాడి, బరువు మోసే భాగాలేవీ ముట్టుకోకుండా కంట్రోళ్లు మాత్రం మార్చాం. పవర్ ప్యాకును గోడ మీద నీటి గీతకు చాలా పైన బిగించాం. మీటల పెట్టె పొడవాటి కేబులుతో కిందికి, కూర్చున్న మనిషి చేతికి అందేలా వేలాడుతుంది. పని అయ్యాక దాన్ని తాడుతో పైకి లాగి కట్టేయవచ్చు. కరెంటు లేనప్పుడు పనికొచ్చే చేతి పంపునూ అదే పద్ధతిలో పెట్టాం. మీటల పెట్టె పనిచేయాలంటే తాళంచెవి తిప్పాలి.

దిమ్మెలు గట్టిపడ్డాక స్తంభాలు నిలబెట్టి, ఖాళీ పట్టాలను పైకెత్తి చూపించాను. భద్రయ్య దూరంగా గుమ్మం దగ్గరే ఉన్నాడు. ప్రతి స్తంభంలో మెట్ల లాంటి గాళ్లుంటాయి, పట్టాలు లేస్తుంటే ఒక ఇనుప నాలుక ఒక్కో గాడిలో పడుతుంది. అదే సేఫ్టీ లాక్. కావలసిన ఎత్తుకు వెళ్లాక నూనె ఒత్తిడి తీసేశాను. పట్టాలు కాస్త కిందికి జారి, నాలుగు మూలలా ఠక్కుమని నిలిచాయి.

భద్రయ్య లోపలికి వచ్చాడు. “ఇప్పుడు నూనె మొత్తం కారిపోతే?”

“ఏమీ కాదు. బరువు ఇప్పుడు నూనె మీద లేదు. ఈ ఇనుము మీద ఉంది.”

ఆయన స్తంభాలన్నీ తిరిగి, ఒక్కో నాలుకనూ వేలితో తడిమి చూశాడు. మరుసటి రోజు పొద్దున కారు ఎక్కించి చూద్దామని మేం వెళ్లేసరికి గోడకు ఒక కొత్త మేకు కొట్టి ఉంది. తాళంచెవి దానికి వేలాడుతోంది. మేకు సునీత కుర్చీలోంచి చెయ్యి చాపితే అందే ఎత్తులో ఉంది.

తర్వాతి వానాకాలంలో ఒక మధ్యాహ్నం సునీత ఫోన్ చేసింది. వెనక రేకుల మీద వాన హోరు.

“అన్నా, కారు ఎక్కించి లేపుతున్న. నడుమ బిజిలీ తీసేసిండ్రు. కారు సగంలో ఆగింది. వీధిలకు నీళ్లొచ్చినయి.”

“కరెంటు కోసం చూడకు, చేతి పంపు కిందికి దించు. కంగారు పడకు. నాలుగు మూలలా లాకులు పడే దాకా ఆపొద్దు.”

ఇంకేదో చెప్పబోతుంటే లైను పోయింది. మళ్లీ కలవలేదు. కుంట వెళ్లే దారిలో, సుక్మా అవతల, రోడ్డు మీదికి నీళ్లొచ్చాయని డ్రైవర్లు చెబుతున్నారు. ఎన్నో లిఫ్టులు బిగించాను గానీ, బిగించిన తర్వాత ఒక లిఫ్టు గురించి అంతగా ఆలోచిస్తూ కూర్చున్నది అదే మొదటిసారి. దిమ్మెలు, బోల్టులు, పట్టాలను లాగే వైరు తాళ్లు, అన్నీ మనసులోనే మళ్లీ మళ్లీ బిగించుకున్నాను.

ఏం జరిగిందో వారం తర్వాత వాళ్ల నోట విన్నాను. చేతి పంపుతో కారు లేపడం చాలా నెమ్మది పని. సునీత పంపు కొడుతూనే ఉంది. భద్రయ్య పక్కనే నిలబడి చూశాడు. లాక్కోలేదు. చేతులు పట్టు తప్పుతున్నప్పుడు ఆమే చెప్పింది, “నాయనా, కొంచెం నువ్వు కొట్టు.” ఆ తర్వాత ఒకరి తర్వాత ఒకరు కొట్టారు. కావలసిన ఎత్తు వచ్చింది గానీ వాన హోరులో లాకులు పడిన చప్పుడు వినబడలేదు. అప్పుడు భద్రయ్య పాదాలు మునిగే నీళ్లలో ఒక్కో స్తంభం దగ్గరికి వెళ్లి అరచెయ్యి ఆనించాడు. సునీత ఒత్తిడి మెల్లగా వదిలింది. “ఇది పడ్డది. ఇది పడ్డది,” అంటూ ఆయన నాలుగూ తిరిగాడు. తర్వాత పంపును, మీటల పెట్టెను పైకి లాగి కట్టి, సర్కారీ పడవలో ఇద్దరూ మెట్ట మీది హాస్టలు భవనానికి చేరారు. పడవ దాకా ఆమెను ఎత్తుకెళ్లింది భద్రయ్యే. “నన్ను ఎక్కించేటప్పుడు నాయనకు నడుం పట్టేసింది, చెప్పలేదు,” అని సునీత నవ్వింది.

రోడ్డు తెరవగానే సోమారూ నేనూ వెళ్లాం. వీధంతా పాదం దిగబడే బురద. జాలీ గేటుకు కొమ్మలు, ఎవరిదో కోళ్ల గూడు, చిరిగిన గోనె సంచులు చుట్టుకుని ఉన్నాయి. లోపల గోడ మీద కొత్త గీత, పట్టాల కింద బెత్తెడు దూరంలో. దానిపైన తెల్లటి కారు, అద్దాల మీద వాన తుంపర్ల మచ్చలు తప్ప పొడిగా ఉంది.

స్తంభాల అడుగు కడిగి, పుల్లీల్లోంచి బురద తీసి, గ్రీజు పట్టించేసరికి కరెంటు వచ్చింది. దించేటప్పుడు ముందు పట్టాలను కొద్దిగా పైకి లేపాలి. అప్పుడు బరువు లాకుల మీంచి లేస్తుంది, ఆ తర్వాతే లాకులు తప్పించాలి. ఇది మరిచిపోయేవాళ్లు ఎక్కువ. సునీత మరిచిపోలేదు. తాళంచెవి తిప్పి, లేపి, లాకులు తప్పించి, కారును నెమ్మదిగా దించింది. అరుగు మీద పలక వేసుకుని సీటులోకి జరిగింది. మొదటిసారే ఇంజను అందుకుంది.

బడి ఎట్లా ఉందో చూసి వస్తానంది. భద్రయ్య తడిసిన చాపలు ఎండేస్తున్నాడు. ఆమె కారు అద్దం దించి పిలిచింది.

“నాయనా, వస్తవా? అక్కడ బెంచీలు కడగాలి.”

ఆయన కాళ్లకున్న బురద కడుక్కుని వెళ్లి ముందు సీట్లో కూర్చున్నాడు.

ఇప్పుడు ఎవరైనా ఇంటికి లిఫ్టు కావాలని పిలిస్తే నేను వెంటనే టేపు తీయను. ఆ కారు నడిపే మనిషిని ముందు ఎక్కి దిగి చూపించమంటాను. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు, నిండు నెలల్లో ఉన్నవాళ్లు, చంకలో పిల్లతో దిగేవాళ్లు, ఒక్కొక్కరు ఒక్కోలా దిగుతారు. మీట ఎత్తు, అరుగు, స్తంభాల దూరం అన్నీ దాన్నిబట్టే తేలతాయి. ఆ తర్వాత, ఈ మిషన్ అంటే ఇంట్లో ఎవరికి భయమో కనుక్కుంటాను. దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. బిగించడం పూర్తయ్యాక వాళ్లను స్తంభం దగ్గరికి పిలిచి, అరచెయ్యి ఆనించమని, ఒత్తిడి వదులుతాను. లాకు పడటం వాళ్ల చేతికి తెలియాలి. అది తెలిసేదాకా ఆ ఇంట్లో నా పని పూర్తయినట్టు కాదు.