ఎర్రబడని ఎర్రనీళ్ళు

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఇత్తడి పూజసామాను తోమే హక్కు మా నాయనమ్మ ఒక్కర్తిదే. మా అమ్మకు సైతం వాటిని ముట్టుకునే అనుమతి లేదు. నానబెట్టిన చింతపండు పక్కన పెట్టుకుని, కొంగు నడుముకు దోపుకుని, పెరటి బండ మీద కూర్చుని ఆమె తోముతుంటే కుందులూ చెంబులూ ఒక్కొక్కటే బంగారం రంగుకు తిరిగేవి. చేతిలో చింతపండు, నోట్లో నామస్మరణ. ఆమెకు ఆ రెండూ ఒకే పని.

మాది సికింద్రాబాదులో రెజిమెంటల్ బజార్ వెనక సందు. శనివారం సాయంత్రం మా ముందు గదిలో భజన మండలి కూడేది. స్టేషన్ నుంచి రైలు కూత వినిపించినప్పుడల్లా తాళాలు వాయించేవాళ్ళు ఇంకాస్త గట్టిగా వాయించేవారు, మా దేవుడికి మా పాటే ముందు వినబడాలని. ఆ చాపల మీద కూర్చునే నేను భాగవతం విన్నాను, గీత కంఠస్థం చేశాను. నాకున్న భక్తి అంతా నాయనమ్మ పెట్టిన భిక్షే. ఆమె గురించి ఇప్పుడు చెప్పబోయేది ఆమెను తక్కువ చేయడానికి కాదు. ఆ రోజు తర్వాతే ఆమె నా కంటికి ఇంకా ఎత్తుగా కనిపించింది.

పక్కింటి అక్క అప్పుడు ఇంటర్మీడియట్‌లో చేరింది. డాక్టరు కావాలని జీవశాస్త్రం తీసుకుంది. మా రెండిళ్ళ డాబాల మధ్య మోకాలెత్తు గోడ. సాయంత్రం దాని మీద కూర్చుని పుస్తకం ముందు పెట్టుకుని వల్లె వేసేది. నేను ఎదురుగా కూర్చుని, నాకేమీ అర్థం కాకపోయినా తలాడించేదాన్ని.

"జీవశాస్త్రమంటే కప్పలు, మొక్కలు ఉంటయనుకున్న గదనే," అని నాతో మొర పెట్టుకునేది. "మొదటి పాఠంలనే అణువులంట, అయాన్లంట, ఆమ్లాలంట. జీవం యాడుందో దొర్కుతనే లేదు!"

వాళ్ళ లెక్చరర్ మాత్రం ఒంట్లో ఎక్కువ భాగం నీరేననీ, ఆ నీళ్ళలో ఏమేం కలిసి ఉన్నాయో తెలియనివాడికి ప్రాణి సంగతి తెలియదనీ చెప్పారట. అందుకని అక్క విసుక్కుంటూనే చదివేది.

ఆ ఎండాకాలం మా బాబాయి పెళ్ళి కాకినాడలో జరిగింది. నాయనమ్మ, అమ్మ, నేను ఒకరోజు ముందుగా తిరిగి వచ్చేశాం, ఇల్లు సర్దాలని. మర్నాడు పొద్దున రైలు దిగి బాబాయి, కొత్త చిన్నమ్మ, తోడుగా వచ్చిన ఆమె అన్నయ్య రిక్షాల్లో మా సందులోకి వచ్చారు. మండలి ఆడవాళ్ళంతా అప్పటికే మా వాకిట్లో నిలబడి ఉన్నారు.

మా వైపు కొత్త దంపతులను గడప బయటే ఆపి ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తారు. పళ్ళెంలో పసుపు, చిటికెడు తడి సున్నం వేసి రంగరిస్తే ఎర్రగా మారుతుంది. అందులో నీళ్ళు పోసి, ఇద్దరి చుట్టూ మూడుసార్లు తిప్పి, వాకిట్లో పారబోస్తారు. ఆ తర్వాతే కోడలు గడప మీద బియ్యపు గిన్నెను కుడికాలితో తాకి లోపలికి వస్తుంది.

నాయనమ్మ పళ్ళెంలో పసుపూ సున్నమూ వేలితో కలిపింది. కుంకుమలా ఎర్రగా వచ్చింది. పక్కనే ఉన్న ఇత్తడి చెంబెత్తి నీళ్ళు పోసింది. మేమందరం చూస్తుండగానే ఆ ఎరుపు అంచుల నుంచి నడిమికి కరుగుతూ పోయి, పళ్ళెం నిండా ఉత్త పసుపు నీళ్ళు మిగిలాయి. నాయనమ్మ వేలు పెట్టి గబగబా కలిపింది. ఇంకా పలచబడింది కానీ ఎర్రబడలేదు.

సన్నాయి వాళ్ళు లేరు, మేళం లేదు. అయినా ఏదో మోగుతున్నది ఆగిపోయినట్టు అనిపించింది.

"గిట్ల నేనెన్నడు సూడలేదమ్మా," అంది మండలిలో అందరికంటే పెద్దావిడ. "ఎర్రగయి మళ్ళ పచ్చగైనయంటే, ఏమంటరో ఏమో."

ఏమంటారో ఆమె చెప్పనక్కర లేకపోయింది. అందరి చూపులూ చిన్నమ్మ మీదికి వెళ్ళాయి. ఆమె అప్పటికే బియ్యపు గిన్నె వైపు పాదం కాస్త ఎత్తింది. పారాణి ఇంకా తాజాగా ఉంది. ఆ పాదం మెల్లగా వెనక్కి పోయింది.

"ఇప్పుడు లోపలికి వద్దు," అంది నాయనమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, భయమే ఉంది. "గుడి అయ్యగారిని అడిగినంక సూద్దాం. అందాక స్టేషన్ కాడ సత్రంల ఉండనీ."

"అమ్మా, ఏం మాట్లాడుతున్నవే? రాత్రంతా బండిల కూసోని వచ్చింది!" అన్నాడు బాబాయి.

"నువ్వు నోర్మూస్కో. నీ మంచికే చెప్తున్న."

చిన్నమ్మ అన్నయ్య చేతిలో పెట్టెతో అలాగే నిలబడిపోయాడు. "ఏమైందండీ? మా చెల్లాయి వల్ల ఏమన్నా పొరపాటు జరిగిందాండీ?"

"మీ చెల్లె ఏం జెయ్యలేదు బాబూ. దేవుడే చెప్తున్నడు. మనమేం జేస్తం?"

అప్పుడు నాకు లోకం తెలియని వయసు. అయినా ఆమె ఆ గడప ముందు నుంచి ఒకసారి వెనక్కి వెళ్తే, మళ్ళీ ఎప్పుడు వచ్చినా ఈ ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా, ఏ గిన్నె పగిలినా ఆమె పేరే చెబుతారని అర్థమైంది. మా అమ్మ ముఖం చూసి అర్థమైంది.

పక్కింటి అక్క ఆడవాళ్ళ మధ్య నుంచి ముందుకు వచ్చింది. "దేవుడు చెప్తున్నది నిజమే నాయనమ్మా. కాని ఏం చెప్తున్నడో ఇనాలె గద," అంటూ వంగి చెంబు తీసుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. అందులో వేలు ముంచి నాలుక మీద రాసుకుంది. ఆమె కళ్ళు ఒక్క క్షణం పెద్దవై మళ్ళీ మామూలుగా అయ్యాయి. ఏదో తెలిసిందని నాకు తెలిసిపోయింది. అక్కడే, అందరి ముందే చెప్పేయవచ్చు. కానీ అక్క చెప్పలేదు.

"వదినా, జెర నీడకు జరుగు, ఇప్పుడే వస్తం. నాయనమ్మా, వంటింట్లకు రా. ఒక్క నిమిషం."

నేను నాయనమ్మ కొంగు పట్టుకుని వెంట వెళ్ళాను. అక్క రెండు గ్లాసుల్లో కుండనీళ్ళు పోసి పసుపు, సున్నం కలిపింది. రెండూ ఎర్రబడ్డాయి. "సూడు, పసుపు మంచిగనే ఉంది, సున్నం మంచిగనే ఉంది," అంది. తర్వాత చెంబులో నీళ్ళు ఒక గ్లాసులోకి వంచింది. ఎరుపు పోయి పసుపుపచ్చగా మారింది. రెండో గ్లాసు ఎర్రగానే ఉంది. పచ్చబడినదాంట్లో ఇంకాస్త సున్నం వేసి కలిపింది. మళ్ళీ ఎరుపు తిరిగొచ్చింది. అక్కడ కొత్త కోడలు లేదు, గడప లేదు, ముహూర్తం లేదు. ఉన్నది పులుపూ సున్నమూ పసుపూ మాత్రమే.

నాయనమ్మ తనంతట తానే చెంబులో వేలు ముంచి నాలుక మీద వేసుకుంది. అలాగే పీట మీద కూలబడింది.

"లోపల సుత మెరవాలె అని పొద్దుగాల చింతపండు రసం పోసి నానబెట్టిన," అంది. "వచ్చిండ్రు వచ్చిండ్రు అనంగనే అండ్లనే నీళ్ళు నింపిన."

అక్క ఆమె ముందు గొంతుక్కూర్చుంది. "ఎవ్వరికి చెప్పకు నాయనమ్మా. చెంబు కడుగుదాం, మళ్ళ కలుపుకుని పోదాం. సున్నం తక్కువ పడ్డదని నేను చెప్త."

నాయనమ్మ ఆ అమ్మాయి ముఖంలోకి చూసింది. సందులో అందరికీ మడి నేర్పిన మనిషిని ఒక చదువుకునే పిల్ల కాపాడాలని చూస్తోంది. నాయనమ్మకు ఆ దారి ఎంత సుఖమో నాకిప్పుడు తెలుస్తోంది.

"మరి ఆ పిల్ల మీద పడ్డ మాట?" అంది. అని లేచింది.

వాకిట్లోకి వచ్చి చెంబును అందరికీ కనిపించేలా పట్టుకుంది. "ఇనుండ్రి. ఈ చెంబు నేనే తోమిన. పులుపు కడగంది నేనే. నీళ్ళు పాడైంది దాంతోనే. ఈ పిల్ల మీద మాట ఏసింది సుత నేనే, దేవుని పేరు నడుమ తెచ్చింది సుత నేనే."

ఇందాకటి పెద్దావిడే ముందు తేరుకుంది. "అందుకే అక్కా, నేను చెంబులు గంత మెరిసేటట్టు తోమ. మా ఇంట్ల నల్లటి చెంబుల ఎర్రనీళ్ళు ఎప్పుడు ఎర్రగనే ఉంటయ్!" అంది. వాకిలంతా ఘొల్లున నవ్వింది. చిన్నమ్మ అన్నయ్య పెట్టె కింద పెట్టి మొహం తుడుచుకున్నాడు. చిన్నమ్మ మాత్రం నవ్వలేదు. తలవంచుకుని ఏడ్చింది. నాయనమ్మ కొత్తగా కలిపిన నీళ్ళు మందారం రంగులో మెరిశాయి. దిష్టి తీసి, ఆ చేత్తోనే ఆమె గడ్డం పట్టుకుని, "రా బిడ్డా, నీ ఇంట్లకు రా," అంది.

ఆ సాయంత్రం డాబా గోడ మీద అక్క నాకు తన పాఠం చెప్పింది. పులుపు ఆమ్లమట, సున్నం క్షారమట. పులుపులోని హైడ్రోజన్ అయానూ, సున్నంలోని హైడ్రాక్సైడ్ అయానూ కలుసుకుంటే రెండూ చివరికి నీళ్ళైపోతాయట. పసుపు ఏమీ చేయదు. ఏది ఎక్కువుందో రంగు మార్చి చెబుతుంది, అంతే. "పసుపు సాక్షమ్మా. నీళ్ళ గురించి అడిగితే నీళ్ళ గురించే చెప్తది. మనమేమో కోడలి గురించి చెప్పిందనుకున్నం," అంది.

నాకు వేరే బెంగ పట్టుకుంది. "మరి నేను గంత చింతకాయ తింట గదా అక్కా, నా రక్తం పుల్లగైతదా?"

అక్క పడీ పడీ నవ్వింది. తర్వాత శ్రద్ధగా చెప్పింది. రక్తంలో కాపలా కాసే పదార్థాలు ఉంటాయట. ఆమ్లం ఎక్కువైతే దాన్ని పట్టి ఉంచుతాయి, క్షారం ఎక్కువైతే తమ దగ్గరున్న ఆమ్లాన్ని వదులుతాయి. అక్కర్లేనిది ఊపిరితోనూ మూత్రంతోనూ బయటికి పోతుంది. అందుకే మనం ఏం తిన్నా రక్తం తన స్థితి నుంచి పెద్దగా కదలదట. కదిలితే ప్రాణానికే ముప్పు. "ఇగో, జీవం గిక్కడ దొరికింది!" అంటూ పుస్తకం మూసింది.

ఆ పాఠంతో నా భక్తి తగ్గిందా అని ఈ మధ్య ఒకమ్మాయి అడిగింది. ఇప్పుడు నేను బోయిన్‌పల్లిలో ఉంటున్నాను. మా మండలి పిల్లలు జీవశాస్త్రం పుస్తకం తెచ్చి, మొదట్లో ఈ రసాయనాల గోలేమిటని అడిగితే రెండు గ్లాసులు తెప్పించి కూర్చుంటాను. ఆ అమ్మాయితో, తగ్గలేదమ్మా, పెరిగింది అన్నాను. నా రక్తాన్ని నాకు తెలియకుండా అనుక్షణం నిలకడగా ఉంచే ఏర్పాటు చేసినవాడికి, ఒక ఆడపిల్లను వాకిట్లో నిలబెట్టడానికి పళ్ళెంలో రంగు మార్చే పని ఉంటుందా? ఆయన సృష్టిలో ప్రతి పదార్థానికీ ఒక ధర్మం పెట్టాడు. అది తెలుసుకోవడం కూడా ఆయన్ని వినడమే. తెలుసుకున్న నిజంతో ఎవరినీ చిన్నబుచ్చకపోవడం ఆయన సేవ. తప్పు తనదని తెలిశాక పదిమందిలో నోరు విప్పడం అంతకంటే పెద్ద సేవ. మొదటిది అక్క చేసింది, రెండోది నాయనమ్మ చేసింది. ఒకే పూట రెండూ చూసిన భాగ్యం నాది.

ఇన్నేళ్ళు పారాయణం చేశాను, పదిమందికి అర్థం చెప్పాను. అయినా ఎవరింట్లోనో కష్టం వచ్చినప్పుడు "దేవుడే చూపించాడు" అనే మాట ఇప్పటికీ నా నాలుక చివరి దాకా వస్తుంది. వచ్చినప్పుడల్లా మా గడప ముందు పారాణి పాదం ఒకటి వెనక్కి జరగడం కనిపిస్తుంది. మాట మింగేస్తాను. కారణం తర్వాత వెతకవచ్చు, ముందు ఆ మనిషిని లోపలికి రమ్మంటాను.