రాణి కాళ్లకు బూట్లు

బుజ్జీ, నువ్వు సాకిన గుర్రం రాణి ఈ రోజు నడిచింది. నువ్వు జ్వరంతో పోకముందే దాని కాలి నరం దెబ్బతినింది కదా. నీ పనిలోకి వచ్చిన మురుగన్ దాని ముందుకాళ్లకు మెత్తటి బూట్లు కట్టి, మురుంగపాక్కం లాయం చుట్టూ నడిపించి, వెంటనే విప్పేశాడు.

“అంతలోనే ఏంది విప్పేస్తివి? ఉండనీప్పా” అన్నాను.

“వద్దక్కా, కాలు వేడెక్కితే నరం మళ్లా వాస్తాది. మీ బుజ్జే నేర్పించినాడు.”

కాలికి అరచేయి ఆనించి చూసి, “వేడి లేదక్కా” అని నవ్వాడు. నీ నుదుటి మీద నేనూ అలాగే చేయి పెట్టి చూసేదాన్ని. ఒక్కసారి కూడా ఆ మాట అనలేకపోయాను. నాకు కడుపు మండింది.

గుర్రాన్ని చూసి కుళ్లుకున్న తల్లిని నేనొక్కదాన్నేనా? ఇది చదివే తల్లులారా, మీరే చెప్పండి. తెచ్చిన బెల్లం మాత్రం దానికే పెట్టి వచ్చాను. చదివినవాళ్లంతా మా బుజ్జి పేరు తలుచుకుని కడుపునిండా అన్నం తినండి.