విరగాల్సిన గిటారు

పొద్దున ఇంటి వెనక చెక్క డెక్ మీద కూర్చుని కొత్తిమీర బాగుచేస్తుంటే పక్కింట్లోంచి గిటారు మోత వచ్చింది. ఎవరో కొత్తగా నేర్చుకుంటున్నట్టున్నారు. ఒకే ముక్క పదిసార్లు వాయించి, పదిసార్లూ ఒకే చోట తప్పారు. దానికి నాకేం ఇబ్బంది లేదు. కూర్చుని, వేళ్లు చూసుకుంటూ వాయిస్తున్నంతసేపూ ఎవరికీ ఏ ప్రమాదం రాదు. నిలబడి ఎగరడం మొదలుపెట్టినప్పుడే నాకు గుండెదడ. అన్నట్టు, కొత్తిమీర కాడలు పారేయకండి, చారులోకి పనికొస్తాయి. ఈ దేశంలో ఆకులు తుంచుకుని కాడలు చెత్తలో వేసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అసలు మా మనవరాలి గిటారు గొడవ కూడా పారేయడం చేతకాని నా బుద్ధి వల్లే వచ్చింది.

రెండేళ్ల కిందటి మాట. అమెరికాలో, అల్ఫారెట్టా అనే ఊళ్లో మా అమ్మాయి ఇంట్లో ఉంటున్నాను. మనవరాలు అప్పుడు హైస్కూలు ఆఖరి సంవత్సరం. నలుగురు ఆడపిల్లలు చేరి రాక్ బ్యాండ్ పెట్టుకుని, మా బేస్‌మెంట్‌లో వాయించేవారు. పైన వంటింట్లో గిన్నెలు వాటంతటవే కదిలేవి. పాడే అమెరికా పిల్ల తలకు ఒకవైపు జుట్టు ఉండేది, రెండోవైపు ఉండేది కాదు. తనూ నన్ను అమ్మమ్మా అనే పిలిచేది, నేను చేసిన చెక్కలు జేబుల్లో పోసుకుపోయేది. నేను నాలుగో క్లాసుతో బడి మానేసినదాన్ని. వాళ్ల పాటలు ఏ భాషో కూడా సరిగ్గా తెలిసేది కాదు. కానీ బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించే మనిషితో నలభై ఏళ్లు కాపురం చేశాను. ఏది శుద్ధంగా పలుకుతోందో, ఏది పలకడం లేదో చెవికి తెలుస్తుంది. గిటారు మీద మా పిల్ల వేళ్లు శుద్ధంగా పలికేవి. ఆ వేళ్లతోనే, పార్కులో వాళ్ల బ్యాండు కచేరీ అయిన పది రోజులకు, మ్యూజిక్ కాలేజీ వాళ్ల ముందు వాయించి చూపించి సీటు తెచ్చుకోవాలి. ఇల్లంతా ఆ పది రోజుల మీదే ఉంది.

మా ఆయన పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్ ఊదుతూనే నడుం వెనక్కి వంచి, నేలమీద పెట్టిన నోటును కనురెప్పలతో తీసేవారు. నిలబడి మంచి పాట వాయిస్తే ఎవరూ తిరిగి చూసేవారు కాదు, నడుం వంచగానే ఈలలు. ఒక పెళ్లిలో అలా వంగి ఉండగా పెళ్లికొడుకు స్నేహితుడెవడో చిందులేస్తూ వచ్చి మీద పడ్డాడు. క్లారినెట్ నోట్లోకి గుచ్చుకుని పై పన్ను ఊడింది. పై పన్ను ఆనకపోతే ఆ వాద్యం పలకదు. ఆ ఏటి పెళ్లి ముహూర్తాలన్నీ ఆయన ఇంట్లో కూర్చుని, ఊదకుండా, ఉత్త రంధ్రాల మీద వేళ్లు ఆడిస్తూ గడిపారు. చప్పుడు లేని ఆ పాట చూడలేక నేను పెరట్లోకి వెళ్లిపోయేదాన్ని.

అందుకే బేస్‌మెంట్‌లో మనవరాలు స్పీకరు మీంచి దూకడం నేర్చుకుంటుంటే ఊరుకోలేకపోయాను.

"వాయించడం చాలదుటే? ఈ గెంతులెందుకు?" అన్నాను.

"అమ్మమ్మా, జస్ట్ వినాలంటే వాళ్లు ఇంట్లోనే హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటారు. మమ్మల్ని చూడ్డానికి వస్తారు."

"చూడ్డానికి సర్కస్ ఉంది కదే."

"ఎగ్జాక్ట్లీ! సర్కస్‌లో గుడ్ మ్యూజిక్ ఉంటే, అది మేము."

పన్ను కట్టించుకుని మళ్లీ వంగడానికి బయల్దేరిన రోజు మా ఆయనా ఇంచుమించు ఇదే అన్నారు.

ఆ వారంలోనే గరాజ్‌లో ఉల్లిపాయల సంచి కోసం వెళ్తే, మూల ఒక పాత గిటారు కనబడింది. మెడ దగ్గర నల్ల టేపు చుట్టి ఉంది. విప్పి చూద్దును కదా, కర్ర సగానికి చీలి ఉంది. ఈ కాలం పిల్లలకు ఏది విరిగినా టేపు చుట్టడమే తెలుసు అనుకున్నాను. అల్లుడి పనిముట్ల పెట్టెలో కర్రలు అతికించే జిగురు ఉంది. దాన్ని చీలిక నిండా పట్టించి, పాత చీర అంచుతో బిగించి కట్టి, పైన కందిపప్పు డబ్బాలు బరువు పెట్టి రెండు రోజులు కదపలేదు. తర్వాత అతికిన చోటు తెలియకుండా తుడిచి, వాళ్ల టేపే మళ్లీ నీటుగా చుట్టి, ఉన్నచోటే పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు. ఎప్పుడో వాళ్లే చూసుకుని ఆశ్చర్యపోతారులే అనుకున్నాను.

కచేరీ ఒక శనివారం మధ్యాహ్నం, పార్కులో. గడ్డి మీద కుర్చీలు, వేదిక మీద పొగ, గుండెల్లో గుద్దే డప్పులు. పాడే పిల్ల ఆ చివర్నుంచి ఈ చివరకు పరుగెడుతుంటే జనమంతా ఆమె వెంటే తలలు తిప్పారు. పక్కన నిలబడి మా పిల్ల మధ్యలో ఒక ముక్క వాయించింది. సన్నగా పైకి వెళ్లి, అక్కడే కాసేపు వణికి దిగింది. ఎవరూ వినలేదు. నేను మా అమ్మాయి మోచేతిని పట్టుకున్నాను. తను వేరేలా అర్థం చేసుకుంది.

"భయపడకు అమ్మా. లాస్ట్‌లో గిటార్ నేలకేసి కొడుతుంది, అంతే. ముందే నెక్ సగం రంపంతో కోసి పెట్టారు. అలా తగిలిస్తే చాలు, విరిగిపోతుంది."

"ఏ గిటారే?"

"గరాజ్‌లో ఉందే, బ్లాక్ టేప్ చుట్టి..."

"అది నేను అతికించానే."

"ఏంటీ?"

"జిగురు పెట్టాను. గట్టిగా."

"అమ్మా! నిన్నెవరు చెయ్యమన్నారు?" అంటూనే తను ఫోన్ తీసింది. పిల్ల ఫోను తన హ్యాండ్‌బ్యాగ్‌లోనే మోగింది. తను వేదిక పక్క దారికి పరుగెత్తితే, చేతికి పాసు పట్టీ లేనివాళ్లు వెళ్లకూడదని ఒకాయన చాలా మర్యాదగా ఆపేశాడు. నేను ఎవరినీ అడగలేదు. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టి గుంపులోకి చొరబడ్డాను. ముందు వరస పిల్లలు "గో గ్రాండ్మా!" అని కేకలేస్తూ దారిచ్చారు. వేదిక కింద నిలబడి రెండు చేతులూ అడ్డంగా ఊపాను. "వద్దే! కొట్టకే!" అని అరిచాను. నా గొంతు నాకే వినపడలేదు. మనవరాలు నన్ను చూసింది. అమ్మమ్మకు కూడా ఊపొచ్చిందనుకుందేమో, నవ్వింది. అలా నవ్వుతూనే ఆ గిటారును తలమీదికి ఎత్తింది.

అది విరగలేదు. దుంగలా మోగి ఎగిరింది. పిల్ల కుడిచెయ్యి ఒక్కసారి పక్కకు తిరిగి, వాలిపోయింది. జనం నవ్వారు, ఆ తర్వాత మళ్లీ కొట్టమని చప్పట్లు మొదలెట్టారు. పాడే పిల్ల కూడా కొట్టమని సైగ చేసింది. మా పిల్ల తన మణికట్టు కేసి చూసుకుంది, వంగలేదు, కిందపడ్డ ఆ గిటారు తీయలేదు. తన అసలు గిటారు తగిలించుకుని, ఇందాక ఎవరూ వినని ఆ ముక్కనే చాలా మెల్లగా, ఒక్కో తీగా మీటుతూ వాయించింది. కొంతమంది నిమ్మరసం కొనుక్కోవడానికి లేచారు. కొంతమంది కూర్చున్నారు. బాగా వాయించిందో లేదో నాకు తెలియదు. నేను చెవులతో వినలేదు, ఆ మణికట్టునే చూస్తున్నాను.

కారులో దాని చేతికి ఐసు పెట్టి, ఒక్కో వేలూ కదిపించాను. బొటనవేలు దగ్గర "ఆవ్" అంది.

"నేనేనే. నేనే అతికించాను," అన్నాను.

కిటికీ వైపు తల తిప్పుకుని, "అది బ్రేక్ అవ్వాలి కదా అమ్మమ్మా. మేం టెస్ట్ కూడా చేశాం," అంది.

"విరగ్గొట్టడానికి కొనేది వస్తువెలా అవుతుందే?"

"ఓ మై గాడ్, నువ్వు ఇంకా ఆర్గ్యూ చేస్తున్నావా!" అంది. నవ్వబోయి, చెయ్యి కదిలి, ఏడ్చింది.

ఎముక విరగలేదన్నారు. కాలేజీ వాళ్లు ఒక నెల గడువిచ్చారు. ఆ నెలంతా తను సోఫాలో కూర్చుని, తీగలు తాకకుండా, గాల్లోనే ఎడమచేతి వేళ్లు ఆడించుకునేది. ఈసారి పెరట్లోకి వెళ్లిపోలేదు నేను, ఎదురుగానే కూర్చున్నాను. తర్వాత వెళ్లి వాయించింది, సీటొచ్చింది, ఇప్పుడు అక్కడే చదువుతోంది. గిటారు తలమీదికి లేచి కిందికి వచ్చేదాకా రెండు క్షణాలు కూడా పట్టలేదని వీడియోలో చూపించారు. పట్టలేదనే ఒప్పుకున్నాను. నా మటుకు మాత్రం అది రెండేళ్లుగా పైనే ఉంది, ఇంకా దిగనే లేదు.