ముందు లేజరు, తర్వాతే కరెంటు

ఒక్క మనిషికి సరిపడే కుక్కర్‌ను ఎవరూ తయారు చేయరు. కర్నూలులో వెతికాను, కడపలో వెతికాను. అన్నిటికన్నా చిన్నది చూపించమంటే కొట్టతను లోపలి నుంచి ఒకటి తెచ్చి, "ఇది ఇద్దరికి సార్, ఒక చిన్న పిల్లోడు కూడా తినొచ్చు" అన్నాడు. నా ఇంట్లో లేని ఆ మిగతా ఇద్దరి తరఫున కూడా డబ్బిచ్చి దాన్ని తెచ్చుకున్నాను. గుప్పెడు బియ్యం వేసి, గుప్పెడు బియ్యానికి తగిన నీళ్లు పోస్తే విజిల్ వేయడానికి దానికి ఊపిరి చాలదు. నిన్న ఆదివారం మధ్యాహ్నం కూడా అదే జరిగింది. నేను గమనించేసరికి నీళ్లు ఇగిరిపోయి, అన్నం మాడి, నల్లటి పిడి కాలుతోంది. కల్లూరులో నేను అద్దెకుంటున్న మేడమీది గదికి ఒకటే కిటికీ. వాసన బయటికి పోదామనుకున్నా దారి తెలియక అక్కడే తిరుగుతుంది.

కాలిన పిడి వాసన అందరికీ కాలిన పిడి వాసనే. నాకు మాత్రం అది రజియా మేడం షెడ్డు.

కల్లూరులో ఇళ్లకన్నా ప్లాట్ల హద్దురాళ్లు ఎక్కువగా ఉన్న రోజుల్లో మేడం తన ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకున్నారు. అంతకుముందు ఒక ప్రైవేటు కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవారు. ఆ బ్రాంచిలో చేరే పిల్లలు తగ్గిపోయాక, వేరే ఏదైనా చెప్పండి లేదా మానేయండి అని యాజమాన్యం మర్యాదగా అడిగితే, మేడం అంతే మర్యాదగా రెండోదానికి ఒప్పుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. కడపలో ఒక తమ్ముడు ఉండేవాడు, పండక్కి ఫోన్ చేసేవాడు. మేడం మీటర్లు, స్టెబిలైజర్లు బాగుచేస్తూ బతికేవారు. నేను బీటెక్ పూర్తిచేసి, ఉద్యోగం నా కోసం వెతుక్కుంటూ వస్తుందని కొంతకాలం ఎదురుచూసి, అది దారి తప్పిందని తేలాక ఆమె దగ్గరికి వెళ్లాను.

"ఏం చదివినావప్పా?" అన్నారు, సోల్డరింగ్ ఐరన్ మీంచి తలెత్తకుండానే.

"బీటెక్ మేడం. ఎలక్ట్రానిక్స్."

"అది నీ కాగితంలో ఉండాది. చదివినావా అని అడుగుతాండా."

కాస్త ఆలోచించి, "అక్కడక్కడా" అన్నాను.

మేడం నవ్వలేదు. "రేప్పొద్దున రా. పాలిస్టర్ చొక్కా ఏసుకోని రావద్దు, ఉక్కపోతకి చస్తావు" అన్నారు. నా జీవితంలో నేను నెగ్గిన ఇంటర్వ్యూ అదొక్కటే.

నేను చేరిన కొన్నాళ్లకు ఓబులేసు వచ్చాడు. బేతంచెర్ల వైపు ఒక నాపరాళ్ల యూనిట్‌లో రాళ్లు కోసే మిషను మీద పనిచేసేవాడు. తిరిగే చక్రం కింద రాయి కదులుతుంటే, సరిగ్గా సుద్దగీత మీదుగా కోత పడాలి. చక్రం వేడెక్కకుండా పైనుంచి నీళ్లు పడుతుంటాయి. ఆ నీళ్లు మొదట కడిగేసేది సుద్దగీతనే. గీత కనపడక మనిషి చక్రం మీదికి వంగుతాడు. ఓబులేసు కుడిచేతి చూపుడువేలు సగం దగ్గరే ఆగిపోయింది.

"ఎట్ల పోయింది?" అన్నారు మేడం.

"రాయి అనుకోని కోసింది మేడం. దానికి తేడా తెలీదు గదా" అన్నాడు, మిషను తరఫున వకాల్తా పుచ్చుకున్నట్టు.

రాయి మీద ఎర్రటి వెలుగుగీత వేసే లేజర్ లైట్లు బయట దొరుకుతాయి. వాళ్ల యజమాని తెప్పించినవి ఆ ఎండకు, ఆ దుమ్ముకు, వచ్చీపోయే కరెంటుకు నెలన్నా నిలవడం లేదట. మేడం అతను తెచ్చిన పాడైన లైటును చూడలేదు. వేలినే చూస్తున్నారు.

"నేను చేసిస్తా. అంతవరకు వంగొద్దు."

"వంగకుంటే గీత కనపడదు మేడం."

"కనపడేట్ల చేస్తా అంటాండా గదా."

ఆ మాట అనడం తేలికే. లేజరు చాలా సున్నితమైన సరుకు. దానికి ఎంత కరెంటు కావాలో అంతే కొలిచి ఇచ్చే చిన్న బోర్డు ఒకటి ఉండాలి. డ్రైవర్ అంటాం. ఆ డ్రైవర్‌ను మేడం సొంతంగా గీసి, సొంతంగా అతికారు. చూడటానికి ముచ్చటగా ఉండేది. తగిలించిన ప్రతి లేజరునూ చంపేసేది. చచ్చిన లేజరు పూర్తిగా ఆరిపోదని నాకు అప్పుడే తెలిసింది. మసకగా, ఎర్రగా వెలుగుతూనే ఉంటుంది. గీత మాత్రం పడదు. దూరం నుంచి చూసేవాళ్లు బాగానే ఉందనుకుంటారు.

నాలుగోదో అయిదోదో పోయాక మేడం ఒక డమ్మీ కట్టారు. నాలుగు మామూలు డయోడ్లు, ఒక రెసిస్టరు, అన్నీ వరసగా. లేజరు ఎంత కరెంటు తాగుతుందో అంతే తాగుతుంది, వెలుగు మాత్రం ఇవ్వదు. "అసలుదానికి ముందు దీన్ని పెట్టు. ఇది ఏమన్నా పడ్తాది" అన్నారు. పెట్టాం. మీటరు మీద అంకె గుడిలో దీపంలా నిలబడింది. ఒకసారి కావాలనే కరెంటు పెంచి చూస్తే రెసిస్టరు కాలి, నిన్న నా గదిలో వచ్చిన వాసనే వచ్చింది. కొత్త రెసిస్టరు వేసి, కరెంటు తగ్గించాక మళ్లీ అంకె కదల్లేదు. సంతోషంగా డమ్మీ తీసి లేజరు పెట్టాను. చచ్చిపోయింది. ఇంకోటి పెట్టాను. అదీ అంతే. రెగ్యులేటరు మార్చాం, తిప్పుడు బటను మార్చాం, తీగలు పొట్టివి చేశాం. డమ్మీకి అన్నీ బాగున్నాయి. అసలుదానికే గిట్టడం లేదు. మధ్యలో ఓబులేసు ఫోన్ చేసేవాడు. "వంగుతాండావా?" అని మేడం అడిగేవారు. అతను రాయి నాణ్యత గురించి ఏదో చెప్పేవాడు.

ఇక్కడ మేడం సోమవారాల గురించి చెప్పాలి. ఆదివారం షెడ్డుకు సెలవు. సోమవారం నేను లోపలికి అడుగు పెట్టీపెట్టగానే మాటలు మొదలయ్యేవి. పక్కింటి మేక గోడెక్కిన సంగతి, ఉల్లిగడ్డల ధర, తమ్ముడు ఫోన్ చేస్తానని చేయని సంగతి, కాలేజీలో ఎప్పుడో ఒక కుర్రాడు రాసిన తప్పుడు జవాబు. గుక్క తిప్పుకునేవారు కాదు. టీ వేళకు అన్నీ అయిపోయి, మంగళవారానికి మళ్లీ మామూలు మనిషి అయ్యేవారు. అది ఆమె స్వభావం అనుకునేవాణ్ణి. అప్పటికి నేను అమ్మానాన్నలతో ఉండేవాణ్ణి. నాకేం తెలుసు.

ఆ సోమవారం నీళ్ల ట్యాంకరు గురించి చెబుతున్నారు. నేను డమ్మీ తీసి పక్కన పెట్టి, లేజరు కోసం చెయ్యి చాచాను. మేడం మాట మధ్యలో ఆగిపోయారు.

"ఆగు. స్విచ్చి ఆపినావా?"

"లేదు మేడం. మార్చేకి ఒక్క క్షణం గదా."

ఆమె మీటరు తెచ్చి, డమ్మీ తీసేశాక ఖాళీగా ఉన్న ఆ రెండు కొసల మీద పెట్టారు. అంకె ఎక్కుతూ పోయి చిట్టచివరికి చేరింది. మేడం వేలితో ఆ అంకెను చూపించారు.

"చూడప్పా. తీసుకునేటోళ్లు ఎవురూ లేకుంటే ఇది ఊరికే ఉండదు. ఇంకా ఇంకా పైకి నెడ్తాది. అదంతా పోయి ఈ కెపాసిటర్లో కూచుంటాది. నువ్వు అప్పుడు పోయి లేజరు పెడ్తావు. మొదట దొరికినదాని మీద అంతా ఒకేసారి కుమ్మరిస్తాది. అది తట్టుకుంటాదా?"

బోర్డులో ఏ తప్పూ లేదు. తప్పంతా డమ్మీకీ లేజరుకూ మధ్య ఖాళీ ఉన్న ఆ ఒక్క క్షణంలోనే ఉంది.

నేను నోరు మూసుకుని ఉండాల్సింది. "మేడం, సోమవారాలు మీరు కూడా..." అన్నాను.

"నేను కూడా?"

"ఏం లేదు మేడం."

మేడం మీటరు ఆపి, దాని తీగలు చుడుతూ కూర్చున్నారు. తర్వాత, "తెలుసులే. మొన్న ట్యాంకరోడు బండి స్టార్ట్ చేసి పెట్టుకోనే నాతో మాట్లాడినాడు" అన్నారు. ఇద్దరం నవ్వాం. ఆమె కాస్త ముందే ఆపేశారు.

ఆ రోజు నుంచి షెడ్డులో ఒకటే నియమం. స్విచ్చి ఆపాలి. రెసిస్టరును ఆ రెండు కొసలకూ ఆనించి, కెపాసిటర్లో కూర్చున్నదంతా మెల్లగా దిగిపోనివ్వాలి. ముందు లేజరును అతకాలి, తర్వాతే కరెంటు ఇవ్వాలి, అదీ సున్నా నుంచి కొంచెం కొంచెంగా. "ఆపినంత మాత్రాన ఖాళీ అయినట్టు కాదు" అని నేను మరిచిపోయినప్పుడల్లా చెప్పేవారు. ఆ తర్వాత మా చేతుల్లో ఒక్క లేజరూ చావలేదు.

యూనిట్‌లో బిగించిన రోజు మేడం కూడా వచ్చారు. తెల్లటి రాతిదుమ్ములో, పడుతున్న నీళ్ల కింద, తడిరాయి మీద ఎర్రగీత నిటారుగా పడింది. నీళ్లు దాన్ని కడగలేకపోయాయి. ఓబులేసు అలవాటుకొద్దీ వంగాడు. వంగాక ఆ అవసరం లేదని తెలిసి, సిగ్గుపడుతున్నట్టు మెల్లగా నిలబడ్డాడు. అతను అంత పొడుగు మనిషని నేను అంతవరకు గమనించలేదు. మేడం ఏమీ అనలేదు. తిరిగి వచ్చే దారంతా ఓర్వకల్లు గుట్టలను చూస్తూ కూర్చున్నారు. ఆ రోజు సోమవారమే.

తర్వాత నాకు కడపలో మీటర్ల కంపెనీలో ఉద్యోగం వచ్చింది. కొన్నేళ్లకు ఆ కంపెనీ మూతపడి నేను కర్నూలుకు తిరిగి వచ్చేసరికి మేడం లేరు. చలికాలంలో జ్వరమొచ్చి, ఎవరికీ పెద్దగా ఇబ్బంది కలిగించకుండా పోయారట. ఇల్లు అమ్మేశారు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు ఎవరిదో కారు ఉంటుంది. తమ్ముడు ఆమె మీటరును, డమ్మీని ఒక బిస్కట్ డబ్బాలో పెట్టి నాకిచ్చాడు. ఆ డ్రైవర్లు ఇప్పుడు నేను చేస్తున్నాను. కొసలకు ఆనించే రెసిస్టరు ఎప్పుడూ నా చొక్కా జేబులోనే ఉంటుంది. చాకలికి వేసేటప్పుడు తీస్తాను, ఎక్కువసార్లు.

ఈ రోజు పొద్దున ఓబులేసు వచ్చాడు. గీత పదును పోయి అలుక్కుపోతోందని లైటు తెచ్చాడు. "మా బామ్మర్దిని మిషను మీద నిలబెట్టి వచ్చినా సార్, కొంచెం బిరబిరా చూడు" అన్నాడు. కూర్చోబెట్టి టీ ఇచ్చాను. గదిలో ఇంకా కాలిన వాసన పోలేదు కాబట్టి కుక్కర్ సంగతి చెప్పాల్సి వచ్చింది. కొట్టతను అన్న మాట చెప్పాను. నియమం ప్రకారం స్విచ్చి ఆపి, రెసిస్టరు ఆనించి, కొత్త లేజరు అతికి, సున్నా నుంచి కరెంటు ఇచ్చాను. ఎదురుగోడ మీద గీత సన్నగా, ఎర్రగా పడింది. అది చూస్తే మేడం గుర్తొచ్చారు. మేక సంగతి, ట్యాంకరు సంగతి చెప్పాను. ఆ ట్యాంకరతను బండి ఆపకుండా మాట్లాడిన సంగతి దగ్గర నాకు నవ్వొచ్చి, మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఓబులేసు టీ గ్లాసు ఖాళీ అయి చాలాసేపయింది. సగం వేలితో దాని అంచును తడుముతూ కూర్చున్నాడు. లేచి నిలబడి, నా చేతిలోంచి లైటు తీసుకున్నాడు.

"లైటు పని ఎప్పుడో అయిపోయింది గదా సార్. ఇంగ నన్ను ఇడ్సు. ఆడ మా బామ్మర్ది వంగి కోస్తాండాడు."