మా లలిత మొదటి రీలు

మా చిన్నప్పుడు... దసరా పొద్దున ఇంట్లో పనిముట్లన్నీ కడిగి దేవుడి ముందు పెట్టేవాళ్లం. కొడవలి, గొడ్డలి, కత్తిపీట, నాయన సైకిలు... ఒక్కోదానికి మా బాపమ్మ పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టేది.

ఆ ఏడు కొత్త వస్తువొకటి చేరింది. దుబాయి నుంచి సెలవు మీద వచ్చిన మా మేనమామ తెచ్చిన చిన్న కెమెరా.

అప్పటి నానక్‌రామ్‌గూడ అంటే బండరాళ్లు, సీతాఫలం పొదలు, మట్టిగోడల ఇళ్లు... ఫోటో దిగాలంటే లింగంపల్లి పోవాలి. మా చెల్లెలు లలితకు పన్నెండేళ్లు. మామ వచ్చిన నాటి నుంచి ఆ కెమెరాను వదలలేదు.

"ఒక రీలు నీకిస్తున్న. ఫోటోలు మంచిగొస్తే కెమెరా నీ దగ్గర్నే ఉంటది. ఖరాబైనయనుకో, నాతోని దుబాయి వస్తది," అన్నాడు మామ.

ఆ సాయంత్రం జమ్మికి పోయేటప్పుడు లలిత వాడంతటినీ ఫోటో తీసింది. కొత్త చీరల్లో ఆడవాళ్లు ఊపిరి బిగబట్టి నిలబడ్డారు...

కొన్నాళ్లకు స్టూడియో నుంచి ఫోటోలు వచ్చాయి. అన్నింటిలోనూ ఎర్రటి మసక. ముఖాలన్నీ అందులో కరిగిపోయాయి.

బాపమ్మ మాత్రం వాటిని కళ్లకద్దుకుంది. "పోచమ్మ తల్లి వచ్చిందే ఫోటోలల్లకు!"

మాట వాడంతా పాకింది. జనం వచ్చి దండాలు పెట్టారు. పక్కింటి అంజమ్మత్త లలిత గడ్డం పట్టుకుని, "నాకొక్కటియ్యవే బిడ్డా, దేవుని అర్రల పెట్టుకుంట," అంది. మామ కూడా నవ్వి, "ఇగ కెమెరా నీదే తియ్," అన్నాడు.

లలిత అరుగు మీద కూర్చుని కెమెరాను తిప్పి తిప్పి చూసింది. తర్వాత నన్ను పిలిచింది.

"అక్కా... గది పోచమ్మ కాదే. బాపమ్మ బొట్టు కెమెరా అద్దానికే పెట్టింది. ఇగ చూడు, అంచుకు ఇంక ఉన్నది. చెప్పాల్నా?"

"నీ ఇష్టం," అన్నాను.

లోపలికి వెళ్లి దీపం ముందు కూర్చున్నాను. చెల్లెలు అబద్ధంతో బతకకూడదు, కెమెరా కూడా పోకూడదు... రెండూ ఎలా కుదురుతాయో తెలియక, రెండూ కోరుకున్నాను.

లలిత అందరి ముందే చెప్పేసింది. "మనం చూసే కిటికి ఏరే, కెమెరా చూసే కన్ను ఏరే మామా. అందుకే నాకు కానరాలే. ఎదురుంగున్నోళ్లు చూసిండ్రు గానీ, దసరకు బొట్టుండదా అనుకున్నరు."

బాపమ్మకు కోపం వచ్చింది. "ఊకోయే! తల్లితోని పరాచికాలా?"

"తల్లి గుళ్లె ఉన్నది బాపమ్మా. ఫోటోల ఉన్నది కుంకుమనే."

కెమెరాను మామ వైపు చాచింది. "ఖరాబైనయి. తీస్కపో."

మామ తీసుకోలేదు. "ఎట్ల ఖరాబైనయో దొరకవట్టినవ్ గదా, ఉంచుకో. ఇగ మీద బొట్టు దాని తోలు సంచికి పెట్టిచ్చు."

"తోలుకు బొట్టేందిరా!" అని బాపమ్మ మళ్లీ మొదలుపెట్టింది...

ఆ తర్వాత లలితకు ఎవరూ ఏమీ నేర్పలేదు. చెడిపోయిన ఫోటోలే నేర్పాయి. పెళ్లయ్యాక కూడా చుట్టాల పేరంటాలకు సరదాగా తీసేది. ఊరి చుట్టూ ఆఫీసులు లేచాక ఎవరో తమ ఫ్లాటు అమ్ముకోవడానికి ఫోటోలు అడిగారు. అవి చూసి ఇంకొకరు పిలిచారు... ఇప్పుడు మణికొండలో తన స్టూడియో. కోకాపేటలో కొత్త టవరు లేస్తే తనకు ఫోను వస్తుంది.

ఈమధ్య మా ఊరి పక్కనే ఒక టవరుకు ఫోటో తీసింది. కింద ఒక మూలన మా పాత వాడ... రేకుల ఇళ్లు, దండేలకు ఆరేసిన బట్టలు.

"మేడమ్, ఆ ఇళ్లు లేపేసి అక్కడ లాన్ పెట్టేయండి," అన్నాడట ఆ టవరు కంపెనీ ఆఫీసాయన.

"తీసుడు నా పని సార్. తుడుచుడు మీరే చేస్కోండ్రి."

వాళ్లే తుడుచుకున్నారు. మళ్లీ పిలవలేదు. లలిత ఫికర్ చేయలేదు.

పొద్దున పూజ అయ్యాక అప్పుడప్పుడు తన స్టూడియోకు వెళ్తాను. ఆ ఫోటో గోడకు ఉంటుంది. అందులో మా ఇల్లు వెతుక్కుంటాను... మొన్న నిజంగానే చూద్దామని ఆటో ఎక్కి వెళ్తే, సగం వాడ చదునై ఉంది. ఏ గోడ ఎవరిదో చెప్పడానికి ఒక్కరూ కనిపించలేదు.

మీదీ ఈ చుట్టుపక్కల ఊరేనా? పాత ఫోటో ఒక్కటి ఉన్నా ఈ పోస్టు కింద పెట్టండి. మసకగా ఉన్నా ఫరవాలేదు... దిద్దకండి.