బాతుల మేతలో పచ్చబూజు

మొన్న మా పాత ల్యాబ్‌కు వెళ్తే, నా తర్వాత చేరిన అమ్మాయి అరచేతిలో పట్టే యంత్రంతో ఒక బూజు జన్యుక్రమాన్ని అక్కడే కూర్చుని చదివేస్తోంది. అది చూసినప్పటి నుంచి నాకు కాలు నిలవడం లేదు.

నేనింకా ఉద్యోగంలో ఉన్న రోజుల్లో, మా ద్వీపాల్లోనే ఉన్న రంగత్‌లో మా పిన్ని ఎండుకొబ్బరి నుంచి నూనె ఆడించగా మిగిలిన చెక్కను పక్కింటి బెంగాలీ దీదీకి ఇచ్చేది, దీదీ దాన్ని ఓడలో వచ్చిన మొక్కజొన్నతో కలిపి తన బాతులకు పెట్టేది. ఒక వానాకాలం ఆ బాతులన్నీ వరసగా చచ్చిపోయాయి. మేతలో బూజు విషం ఉందని పరీక్షలో తేలగానే, అది కొబ్బరి చెక్క నుంచే వచ్చిందని దీదీ మా పిన్నితో మాట మానేసింది.

కొబ్బరి మీది బూజునూ, మొక్కజొన్న మీది బూజునూ విడివిడిగా పెంచి చూస్తే రెండూ కవలల్లా ఒకే పచ్చరంగు. విషం తయారుచేసే జన్యువులు దేనిలో ఉన్నాయో తేలాలంటే రెండింటి డీఎన్‌ఏనూ చదివించాలి. చదివే యంత్రమేమో సముద్రానికి అవతల. ద్వీపాల బూజుల మీద మా ల్యాబ్‌లో అప్పుడే మొదలైన పనిలో వీటినీ చేర్చి పంపితే, వానకు విమానాలు ఆగి, పెట్టెలోని మంచు కరిగి మొదటి శాంపిళ్ళు పాడయ్యాయి. మళ్ళీ పెంచి, మళ్ళీ పంపి, ఇంట్లో కూర్చోలేక చాతం జెట్టీ దాకా నడిచి, ఫెర్రీ వచ్చిపోవడం చూసి, ఏమీ తోచక తిరిగొచ్చేదాన్ని. ఫోన్‌లో పిన్నిది రోజూ ఒకటే మాట: "ఏటే, ఆ బూజు ఇంకా నోరిప్పనేదా?"

ఎట్టకేలకు ఫలితం వచ్చింది. కొబ్బరి బూజులో విషపు జన్యువులు చాలావరకు లేనే లేవు, అంటే విషం తయారుచేసే శక్తే దానికి లేదు. మొక్కజొన్న బూజులో మాత్రం అన్నీ ఉన్నాయి. ఆగలేక పొద్దున్నే రంగత్ బస్సెక్కాను. నేను చెప్పడం పూర్తికాకుండానే పిన్ని పెరటి గోడ దగ్గరికి పరుగెత్తి, అన్ని నెలల తర్వాత మొదటిసారి కేకేసింది: "దీదీ, సునో! మా కొబ్బరిలో జహర్ నేదంట!"

అయితే నా మొక్కజొన్న బస్తాలోనేనా అని హిందీలో అడిగి, మేత కలిపిన చేతులకేసి చూసుకుంటూ దీదీ ఉన్నచోటే కూలబడింది. గెలిచిన సంబరం పిన్ని ముఖంలో క్షణం కూడా నిలవలేదు. గోడ చుట్టి వెళ్ళి ఆమె పక్కన చతికిలబడి వీపు నిమిరింది. "నీకేటి తెలుసు దీదీ, షిప్పులో తడిసొచ్చిన బస్తా అది. ఛోడ్ దో, ఒగ్గేయ్."

ఇప్పుడు జవాబు సాయంత్రానికే వస్తోంది, మంచిదే. కానీ పిన్నీ లేదు, దీదీ లేదు. మన ఈడువాళ్ళకు చెప్తే అర్థమవుతుంది: బూజు గుట్టు ఇంత తొందరగా తెలిసే ఈ రోజుల్లో, పక్క పెరట్లో ఏం చచ్చిందో ఎవరికీ తెలియడం లేదు.