మామ్మగారి ఫొటోలు, నా డీవీడీ

దయ్యాలంటే నాకు నవ్వు. బాపట్లలో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ సైన్స్ చెప్తాను. మా తెనాలి ఇంట్లో లైటు దానంతటదే ఆరితే అత్తయ్య దిష్టి అంటుంది, నేను హోల్డర్ లూజు అంటాను. ఇన్నేళ్లూ నా మాటే నెగ్గింది. అందుకే ఈ సంగతి చెప్పాలంటే నాకే మొహమాటంగా ఉంది.

రేపల్లెలో కరీం అన్నయ్యకి ఫొటో స్టూడియో ఉంది. మా పెళ్లి ఫొటోలు ఆయనే తీశాడు. అప్పట్నుంచీ ఆయన కంప్యూటర్‌కి డాక్టర్ని నేనే. ఒక శనివారం ఫోన్ చేశాడు.

"చెల్లెమ్మా, సిస్టమ్ లేవట్లేదు. అమృతలూరు వాళ్ల పెళ్లి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. కెమెరా కార్డులు కూడా చెరిపేశానమ్మా."

పెళ్లి ఫొటోలు పోవడమే పెద్ద తంటా. పైగా ఆ పెళ్లైన కొద్ది రోజులకే పెళ్లికూతురి నాయనమ్మ పోయింది. ఆవిడవి చివరి ఫొటోలు అవే.

ఆ కంప్యూటర్ బాగా పాతది, పెన్‌డ్రైవ్‌తో లేవదు. డిస్కు పెట్టాల్సిందే. విండోస్ పోయినా, దానిలాంటిదే లినక్స్ అని డిస్కు మీద నుంచే నడిచేది ఉంది, దాంతో లేపితే లోపలి ఫొటోలు బయటికి లాగొచ్చు. ఆదివారం పొద్దున్నే లినక్స్ ఇమేజ్, అంటే డిస్కు మొత్తానికి అచ్చు నకలు లాంటి ఫైలు, డౌన్‌లోడ్ చేసి, అటకమీద డబ్బాలో మిగిలిన ఖాళీ డీవీడీలు దింపి, ఒకదాని మీదికి రాయడం మొదలుపెట్టాను. ఆ ఫైల్ని మామూలుగా కాపీ చేస్తే బూటవదు, అంటే దాంతో కంప్యూటర్ లేవదు, ఇమేజ్‌గానే రాయాలి. ఈ ముక్క ఏటా పిల్లలకి చెప్తూనే ఉంటాను.

"ఏం సినిమా అమ్మాయ్ అది?" అంది అత్తయ్య.

"సినిమా కాదత్తయ్యా, లినక్స్."

"హీరో ఎవరు?"

రాయడం పూర్తయిందని తెర మీద వచ్చింది. అవతల రైలుకి టైమైపోతోంది. డిస్కు కవర్లో వేసుకుని పరిగెత్తాను.

నేను వెళ్లేసరికి పెళ్లికూతురి తండ్రి వెంకటేశ్వర్లు గారు స్టూడియోలో కూర్చుని ఉన్నారు. కరీం అన్నయ్య ఆయన మొహం చూడలేక టీ మీద టీ తెప్పిస్తున్నాడు. నేను కంప్యూటర్ డ్రైవ్ తెరిచాను. ట్రేలో ఏమీ లేదు, కళ్లారా చూశాను. నా డిస్కు పెట్టి స్విచ్చేశాను.

డ్రైవ్ గిర్రున తిరిగింది. లినక్స్ మెనూ వచ్చింది. కాసేపటికి డెస్క్‌టాప్ కూడా వచ్చింది. పెళ్లి ఫోల్డర్ తెరిచాను.

ఏ ఫొటో చూసినా ఆ పోయిన మామ్మగారే. తలంబ్రాలప్పుడు పెళ్లికొడుకు భుజం పక్కన ఆవిడ. అప్పగింతల్లో అందరూ ఏడుస్తుంటే కెమెరా వైపు చూసి నవ్వుతూ ఆవిడ. భోజనాల దగ్గర, తినేవాళ్ల వెనకాల నిలబడి ఆవిడ.

"మా అమ్మకి ఫొటోలంటే ప్రాణమండి. ఎవరి పెళ్లైనా సరే, ఆవిడే ముందు," అని వెంకటేశ్వర్లు గారు పడీపడీ నవ్వారు. నవ్వుతూనే కండువాతో కళ్లు తుడుచుకున్నారు.

ఫొటోలన్నీ నేను వెంట తెచ్చుకున్న హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుని, నా డీవీడీ తీసి కవర్లో పెట్టుకుని తెనాలి వచ్చేశాను.

సాయంత్రం ఇంకో డిస్కు రాసి ఉంచుదామని మా ఇంట్లో డ్రైవ్ తెరిచాను. ట్రేలో ఒక డిస్కు ఉంది. తిప్పి చూశాను. రాసిన డిస్కు వెనక రంగు మారి వలయంలా కనిపిస్తుంది. దీనికి ఉంది. నడిపి చూస్తే లినక్స్. అంటే పొద్దున రాసింది ఇదే. హడావుడిలో బల్ల మీదున్న ఖాళీది పట్టుకుపోయానన్నమాట.

మరి రేపల్లెలో బూటైందేంటి? కవర్లోది తీసి పెట్టాను. ఖాళీ డిస్కు అంది కంప్యూటర్. నేను కెవ్వుమన్నాను. బల్లి పడిందనుకుని అత్తయ్య చీపురు పట్టుకొచ్చింది.

తర్వాతి ఆదివారం రెండు డిస్కులూ తీసుకుని మళ్లీ రేపల్లె వెళ్లాను. ఖాళీది పెడితే కంప్యూటర్ లేవలేదు. అది న్యాయమే. రాసింది పెట్టాను. అదీ లేవలేదు! అప్పుడు డ్రైవ్ మీదున్న చిన్న అక్షరాలు చూశాను. అది అసలు డీవీడీలు చదివే డ్రైవే కాదు. వట్టి సీడీ డ్రైవ్.

"ఈ మాట ముందే చెప్పలేదేంటి అన్నయ్యా?"

"నువ్వు కదమ్మా లెక్చరర్‌వి," అన్నాడు.

ఆ కంప్యూటర్ హార్డ్ డిస్కులో ముందే లినక్స్ ఉందేమోనని దాన్ని ఊడదీసి ఇంటికి తెచ్చి అంతా గాలించాను. లేదు. కల అనుకుందామంటే ఫొటోలు నా దగ్గరున్నాయి, చూసినవాళ్లం ముగ్గురం ఉన్నాం.

ఈ సంగతంతా చెప్తే వెంకటేశ్వర్లు గారు మాత్రం కొంచెం కూడా ఆశ్చర్యపోలేదు. "తన ఫొటోలు పోతుంటే మా అమ్మ ఊరుకుంటుందా అండి?" అన్నారు. ఆ డిస్కు దేవుడి గదిలో పెట్టుకుంటాం ఇమ్మన్నారు. ఏది ఇవ్వాలో తెలియక రెండూ ఇచ్చేశాను.

ఇది ఎలా జరిగిందో నాకు ఈ రోజుకీ అంతుపట్టలేదు.

మొన్న కాలేజీలో స్లిప్ టెస్టు పెట్టాను. ఖాళీ డిస్కుతో కంప్యూటర్ బూటవుతుందా అన్నది అందులో ఒక ప్రశ్న. క్లాసంతా అవదని రాసింది. ఒక్కమ్మాయి మాత్రం 'సాధారణంగా అవదు' అని రాసింది. ఆ 'సాధారణంగా' కొట్టేద్దామని ఎర్ర పెన్ను ఎత్తాను. ఎత్తి, అటూ ఇటూ చూసి, ఫుల్ మార్కులు వేసేశాను.